ఒయాషిరజులో పన్ను నొప్పి

పిఠాపురంలో ఉన్నన్నాళ్ళూ కిక్కురుమనకుండా పడి ఉన్న కుడివైపు చివరి పన్ను, ఖర్చు ఎక్కడ ఎక్కువో వాకబు చేసుకున్నట్టు, నేను టోక్యోలో దిగిన మూడో రాత్రి సలపడం మొదలుపెట్టింది. తెల్లవారేసరికి దవడ బూరెలా పొంగింది. మా చెల్లెలి కాపురం నిషి కసాయ్‌లో. ఆ పేటలో అడుగడుగునా భారతీయులే. మినప్పప్పు దొరుకుతుంది, కరివేపాకు దొరుకుతుంది. మన భాషలో పన్ను చూసే వైద్యుడు మాత్రం నాకు దొరకలేదు.

పదకొండేళ్ళ మేనకోడలు దుబాసీగా వెంట వచ్చింది. అక్కడి బడిలోనే చదువుతోంది కాబట్టి జపాను భాష దానికి మంచినీళ్ళప్రాయం. దంతవైద్యురాలు నా నోట్లోకి దీపం వేసి చూసి, తల పంకించి, ఒక్క మాట అన్నది.

“మామయ్యా, ఒయాషిరజు అంటున్నారు.”

“ఏ రాజు?” అన్నాను దవడ పట్టుకొని. గోదావరి జిల్లాలవాణ్ణి, రాజు అని వినబడితే ఏ ఊరి రాజుగారో అడగడం అలవాటు.

“రాజు కాదు, ర కి దీర్ఘం లేదు. ఒయా అంటే అమ్మానాన్న. షిరజు అంటే తెలియకుండా. అమ్మానాన్నలకు తెలియకుండా వచ్చే పన్ను.”

జ్ఞానదంతమన్నమాట. వెనకటి రోజుల్లో ఆ పన్ను మొలిచే వయసుకు కన్నవాళ్ళు ఉండేవారు కారు, అందుకే ఆ పేరు అని చెబుతారట. మనం జ్ఞానం వచ్చిందని మురిసిపోయే చోట వీళ్ళు తల్లీతండ్రీ పోయిన సంగతి తలచుకున్నారు. వాపు తగ్గేదాకా పన్ను ముట్టుకోవడం కుదరదని, తగ్గాక మీ ఊరు వెళ్ళి తీయించుకోమని మాత్రలు రాసి పంపించారు. ప్రయాణికుడికి బీమా లేదు కదా, బిల్లు చూడగానే ఎడమ దవడ కూడా కాస్త పీకింది.

ఇంటికి వచ్చాక ఆ పన్ను బొమ్మ చూపిద్దామని పిల్ల ఫోనులో ఆ మాట కొట్టింది. ఫోను బొమ్మకు బదులు పటం తెరిచింది. జపాను సముద్రం ఒడ్డున, నీగాటా ప్రాంతానికి పడమటి కొసన, ఒక రైల్వే స్టేషను. పేరు ఒయాషిరజు. అవే మూడు అక్షరాలు. నా పన్ను పేరు పెట్టుకొని రైలు దారిన మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక ఊరు కూర్చుని ఉంది.

ఆ రాత్రి అన్నం బదులు గంజి తాగుతూ ఇద్దరం ఆటలో పడ్డాం. టోక్యో నగరం చుట్టూ తిరిగే యామనోతె రైలు పేరులోనే ‘తె’ ఉంది, అంటే చెయ్యి. కొండచెయ్యి, కొండవైపు అని అర్థం. మనం కుడిచేతి వైపు అన్నట్టే. ఆ లైనులో మెగురో ఒక స్టేషను, మెజిరో ఒక స్టేషను. ‘మె’ అంటే కన్ను; నల్లకన్ను, తెల్లకన్ను. ఫుదో అనే ఉగ్రదేవత విగ్రహాల కళ్ళ రంగులను బట్టి ఆ పేర్లు వచ్చాయంటారు. ఆ ఫుదో మరెవరో కాదు, మన దేశం నుంచి బౌద్ధంతో పాటు వెళ్ళిన అచలుడే. దక్షిణాన కగోషిమా వైపు సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేలకొసకు నాగసాకిబన అని పేరు. ‘హన’ అంటే ముక్కు. అక్కడికి దగ్గరలోనే వేడి ఇసుకలో మనుషులను మెడదాకా పూడ్చిపెట్టే స్నానాలకు పేరుపడ్డ ఇబుసుకి. రాతలో మొదటి అక్షరం వేలు, పలుకులో మాత్రం వేలు ఊసే లేదు. నేనూ ఊరుకోలేదు. తలకోన ఉందన్నాను. శూర్పణఖ నాసిక తెగిన నాసిక్ ఉందన్నాను. “కోసిన ముక్కు లెక్కలోకి రాదు” అని తీర్పు చెప్పింది.

దాని తీర్పు సంగతి ఎలా ఉన్నా, నేలకొసను ముక్కు అనడంలో నాకు వింత కనిపించలేదు. మనమూ కొండపాదం అంటాం, నది ముఖద్వారం అంటాం. ఒళ్ళు చూసి నేలకు పేరు పెట్టడం పల్లెటూరి మనిషికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఒయాషిరజు అలాంటిది కాదు. ఆ చోటు పన్నులా ఉండి ఆ పేరు రాలేదు. కన్నవాళ్ళకు తెలియకపోవడం అనే ఒక్క సంగతి పంటికి ఒక దారిన, నేలకు ఇంకో దారిన వచ్చి అంటుకుంది. ఆ రెండో దారి చూడాలనిపించింది. బావగారు ముందే వేసిపెట్టిన క్యోటో కార్యక్రమం రద్దు చేస్తున్నానంటే, “పన్ను నొప్పికి తీర్థయాత్రా?” అన్నారు. అన్నది నవ్వుతూనే, కానీ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

నిషి కసాయ్ నుంచి భూగర్భ రైలెక్కి ఒతెమాచిలో దిగాను. ఒతె అంటే పెద్దచెయ్యి. కోట భాషలో ముందు వాకిలి. ఆ పెద్దచెయ్యి పేటలోనే, బ్యాంకుల మేడల సందున, తిరుగుబాటు చేసి 940లో హతుడైన మసకదో అనే యోధుడి తలకు కట్టిన సమాధి ఉంది. క్యోటోలో వేలాడగట్టిన తల ఎగిరివచ్చి ఇక్కడ పడిందని కథ. చేతిలో తల! చూసి వెళదామనుకున్నాను గానీ, ఒతెమాచి స్టేషను నుంచి పైకి వచ్చే దారి కనుక్కోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. బయటికి వెళ్ళే దారిని దెగుచి అంటారు, కుచి అంటే నోరు. ఆ స్టేషనుకు ఎన్ని నోళ్ళో, ఏ నోటి నుంచి వస్తే ఎక్కడ తేలుతామో ఆ మసకదోకే తెలియాలి.

అటువైపు వెళ్ళే బుల్లెట్ రైలు హొకురికు షింకన్‌సెన్‌లో, నేను దిగవలసిన ఇతోయిగావాకు టిక్కెట్టు పదివేల యెన్‌లు దాటింది. రెండు గంటల పైచిలుకు ప్రయాణానికి అయిదారు వేల రూపాయలు! పైగా నగానో దాటాక కిటికీలో సొరంగాలు తప్ప మరేమీ లేవు. పద్నాలుగు వందల యెన్‌లు పోసి కొన్న రైలు భోజనంలో నాకు మింగుడుపడినవి గుడ్డట్టు ముక్కా, ఉడికించిన గుమ్మడికాయా. తామర దుంప తెల్లటి చక్రంలా ముద్దుగా ఉంది, కొరకబోతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కసీటు పెద్దావిడ చూసీ చూడనట్టు కాగితపు రుమాలు జరిపింది.

ఇతోయిగావాలో దిగి ఒంటిపెట్టె డీజిలు బండిలోకి మారాలి. 2015లో షింకన్‌సెన్ ఇటువైపు వచ్చాక పాత లైను స్థానిక సంస్థ చేతికి వెళ్ళింది. పైన కరెంటు తీగలు ఉన్నా కింద డీజిలు బండి నడుస్తోంది. ఈ ప్రాంతంలో కరెంటు తీరు ఒకచోట మారిపోతుందట, రెండు తీర్లకూ పనికివచ్చే బండి ఖరీదు ఎక్కువని ఈ ఏర్పాటు. ఓమి తరవాతి స్టేషనే ఒయాషిరజు. దిగింది నేనొక్కణ్ణే. టిక్కెట్లు అడిగేవాళ్ళు లేరు, టీ కొట్టు లేదు. ఎదురుగా సముద్రం, సముద్రానికీ నాకూ మధ్య నీళ్ళలో స్తంభాలు పాతి కట్టిన ఎక్స్‌ప్రెస్ రహదారి. ఇంత దూరం వచ్చి కాంక్రీటు గోడ వెనక నుంచి కెరటాలు చూడవలసి వచ్చినందుకు ఒళ్ళు మండింది.

పేరు తెచ్చిన కొండచరియలు స్టేషను దగ్గర లేవు. పడమటికి నాలుగు కిలోమీటర్లకు పైనే నడవాలి. నడిచే దారి అంటూ వేరే లేదు, ఎనిమిదో నంబరు జాతీయ రహదారే. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, రాళ్ళు పడకుండా పైన కప్పు, మలుపు మలుపుకూ లారీలు. నాకు మిగిలింది తెల్లగీతకూ గోడకూ మధ్య జానెడు చోటు. ఒక్కో లారీ వెళ్ళినప్పుడల్లా చొక్కా ఒంటికి అతుక్కుపోయేది. సగం కిలోమీటరు నడిచేసరికి బావగారి క్యోటో గుళ్ళు వరసగా కళ్ళముందు మెదిలాయి.

అప్పుడు వెనకనుంచి తెల్లటి చిట్టి ట్రక్కు ఒకటి వచ్చి, మలుపు దాటాక రోడ్డు వెడల్పయిన చోట ఆగింది. డెబ్బయి దాటిన ముసలాయన, మెడలో తువ్వాలు, వెనక వలలూ ప్లాస్టిక్ బుట్టలూ. కిటికీ దించి ఏదో అడిగాడు. ‘దొకో’ అన్న ముక్క పట్టుకున్నాను, ఎక్కడికి అని. మేనకోడలు అత్యవసరానికి ఒక వాక్యం కంఠతా పట్టించింది. దవడ మీద చెయ్యి పెట్టుకొని అది అప్పజెప్పాను. “ఒయాషిరజు గా ఇతాయ్.”

అంటే జ్ఞానదంతం నొప్పిగా ఉంది అని. ఆయన మొహం వికసించింది. కిందికి, రోడ్డు మీదికి, చుట్టుపక్కల కొండల మీదికి వేలు చూపిస్తూ “కొకో, కొకో” అన్నాడు. ఇదే, ఇదే. నేను మళ్ళీ అన్నాను. ఆయన ఇంకా గట్టిగా ఇదే అన్నాడు. నేను మూడోసారి అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది గానీ మాలో చెవిటివాడు ఎవరో తెలియలేదు. సంగతి ఏమిటంటే, ఇతాయ్ అంటే నొప్పి, ఇకితాయ్ అంటే వెళ్ళాలని ఉంది. ఒక్క ‘కి’ తేడా. ఒయాషిరజులో నిలబడి ఒయాషిరజుకు వెళ్ళాలని ఉందంటున్న ఈ నల్లటి మనిషి పాపం ఎక్కడ దారి తప్పాడో అనుకున్నాడు ఆయన. చివరికి మర్యాద పక్కనపెట్టి నోరు బార్లా తెరిచి లోపలికి వేలు చూపించాను.

రెండు క్షణాలు నిశ్శబ్దం. తరవాత ఆయన స్టీరింగు మీద చెయ్యి బాదుకుంటూ నవ్విన నవ్వుకు వెనక బుట్టలు కదిలాయి. నవ్వు ఆగాక తన నోరు తెరిచి చూపించాడు. వెనక పళ్ళు ఒక్కటీ లేవు. తలుపు తీసి ఎక్కమన్నాడు. దారిలో ఏమేమి చెప్పాడో నాకు తెలియదు, నేను హై హై అంటూనే ఉన్నాను. దిగేటప్పుడు డబ్బు ఇవ్వబోతే చేతులు అడ్డంగా ఊపి, డబ్బాలోంచి ఒక ఉమెబోషి తీసి నా అరచేతిలో పెట్టాడు. మన ఊరగాయకు వేలు విడిచిన చుట్టం లాంటి ఉప్పుపండు. “షియో” అని, బుగ్గలు అటూ ఇటూ పుక్కిలించి చూపించాడు. షియో అంటే ఉప్పు. ఉప్పు నీళ్ళు పుక్కిలించమని చెప్పడానికి మా అమ్మ కూడా సరిగ్గా అలాగే బుగ్గలు ఆడిస్తుంది.

ఆయన దింపిన చోట పాత రహదారి ఉంది, ఇప్పుడు నడిచేవాళ్ళకు వదిలేశారు. 1883లో కొండను తొలిచి వేసిన దారి. వేసిన సంబరంలో నునుపు సానరాయి, తిన్నన బాణం అనే అర్థం వచ్చే పెద్ద అక్షరాలు రాతిలో చెక్కుకున్నారు. ఆ సంబరం ఎందుకో కిందికి తొంగిచూస్తే తెలుస్తుంది. ఉత్తరపు ఆల్ప్స్ అని పిలిచే పర్వతాల వరస ఇక్కడ మరో అంగుళం నేల కూడా మిగల్చకుండా నేరుగా సముద్రంలో పడిపోతుంది. 1883కు ముందు దారి అంటే కొండ అడుగున ఉన్న ఆ కాస్త గులకరాళ్ళ అంచే. కెరటం వెనక్కి తగ్గగానే పరుగెత్తాలి, తిరిగి వచ్చేలోపు కొండలోని ఏదో ఒక గుహలో దూరాలి. ఆ పరుగులో తల్లి బిడ్డను చూసుకోలేదు, బిడ్డ తల్లిని చూసుకోలేదు. స్టేషనుకు పడమర ఒయాషిరజు, తూర్పున కొషిరజు, అంటే బిడ్డకు తెలియనిది. అలలకు దాక్కునే గుహలకు పెద్ద ఒఫుతొకొరో, చిన్న కొఫుతొకొరో అని పేర్లట. ఫుతొకొరో అంటే రొమ్ము, పసిబిడ్డను పొదువుకునే చోటు. అమ్మకు తెలియని దారిలో రాయికి అమ్మ పేరు.

తైరా వంశపు యొరిమొరి భార్య భర్త దగ్గరికి వెళుతూ ఇక్కడే చంటిబిడ్డను అలకు పోగొట్టుకొని, తల్లికి తెలియకుండా నురగలో కలిసిపోయావా అని పాట కట్టిందని, పేరు అందువల్లే వచ్చిందని ఒక కథ. 1689లో కాలినడకన ఇటు వెళ్ళిన కవి బషో ఈ ప్రమాదాలను వరసగా రాసిపెట్టాడు. కన్నవాళ్ళు ఎరుగనిది, బిడ్డ ఎరుగనిది, కుక్క వెనుదిరిగింది, గుర్రం మళ్ళిపోయింది. నాలుగూ చోట్ల పేర్లే.

మెట్లు దిగి నీళ్ళ దాకా వెళ్ళాను. మధ్యలో 1912 నాటి రైలు కోసం కట్టిన ఇటుక సొరంగం ఒకటి ఉంది, ఇప్పుడు ఖాళీ. దాంట్లో కొంత దూరం నడిచి, చీకటి నచ్చక వెనక్కి వచ్చాను. ఆ రోజు సముద్రం పెద్ద కోపంగా ఏమీ లేదు. అయినా ఒక అల వచ్చి రాళ్ళను గలగలా ఈడ్చుకుపోతుంటే కాళ్ళు వాటంతటవే వెనక్కి జరిగాయి.

ఈ జరగడం నాకు తెలుసు. నా ఏడో ఏట నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఉప్పాడ నుంచి కాకినాడ రోడ్డు మీద వెళుతున్నాను. ఆ రోడ్డును సముద్రం కోసుకుపోవడం, మళ్ళీ రాళ్ళు వేయడం, మళ్ళీ కోసుకుపోవడం అందరికీ తెలిసిందే. ఆ రోజు తుపాను ఇంకా పూర్తిగా తీయలేదు, అలలు రోడ్డు మీదికి ఎక్కి దిగుతున్నాయి. నాన్న ఒక కాలు నేలకు ఆనించి అలలు లెక్కపెట్టారు. ఇప్పుడు అని తనలో తనే అనుకొని తొక్కారు. రెండు చేతులూ హ్యాండిలు మీదే. “గట్టిగా పట్టుకో” అన్నారు, నావైపు చూడకుండా. దాటేదాకా ఒక్కసారి కూడా చూడలేదు. దాటాక దిగి, నా తడి జుట్టు పంచె కొసతో చాలాసేపు తుడిచారు. ఇంటికి వెళ్ళాక అమ్మకు చెప్పవద్దన్నారు.

ఇతోయిగావాలో ఆ రాత్రి ఎలా గడిచిందో, మర్నాడు సముద్రపు ఒడ్డున జేడ్ అనే పచ్చరాళ్ళు ఏరుకునేవాళ్ళ మధ్య వంగి వంగి ఒక గంట ఎలా పోగొట్టుకున్నానో చెప్పను. ఆ ఒడ్డుకు నిజమైన జేడే కొట్టుకువస్తుంది. నాకు దొరికింది మాత్రం అచ్చమైన రాయి. రాత్రి మేనకోడలికి ఫోను చేసి, కొషిరజు అనే పన్ను కూడా ఉందేమో అడిగాను. “ఉంది. తాతయ్య కట్టుడు పళ్ళు. చిన్నప్పుడు అవి నిజమనే అనుకున్నాను” అన్నది. ముసలాయన ఉప్పు సంగతి చెప్పగానే ఎగిరి గంతేసి, “అయితే వచ్చేటప్పుడు షియోజిరి మీదుగా రా. షియో అంటే ఉప్పు కదా. షిరి అంటే…” అని ఆపకుండా నవ్వి ఫోను వాళ్ళమ్మకు ఇచ్చేసింది. షిరి అంటే పిర్ర. చివర అని కూడా.

దాని మాట మీద షింకన్‌సెన్ వదిలి ఒయితో లైను ఎక్కాను. ఇది కూడా ఒంటిపెట్టె బండే, రోజుకు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు నడుస్తుంది. హిమెకావా నది పక్కనే ఎక్కుతూ మినామి ఒతారి చేరేసరికి గంట. బండిలో నాతో పాటు ఇద్దరు రైలు పిచ్చివాళ్ళు, వాళ్ళకు కెమెరాలు తప్ప లోకం లేదు. నాకు నచ్చింది ఈ దారి పాత పని. సముద్రం లేని లోపలి కొండసీమకు ఇతోయిగావా నుంచి ఉప్పు, చేపలు ఈ లోయ వెంటే ఎద్దుల మీద వెళ్ళేవి. మంచు పడి ఎద్దులు కదలలేని నెలల్లో మనుషులే వీపున మోసేవారు. పదహారో శతాబ్దంలో కొండసీమ దొర తకెదా షింగెన్‌కు దక్షిణపు శత్రువులు ఉప్పు రాకుండా కట్టడి చేస్తే, ఆయనతో ఏళ్ళ తరబడి యుద్ధాలు చేసిన ఉత్తరపు దొర ఉయెసుగి కెన్షిన్ మాత్రం పోరు కత్తులతోనే గాని ఉప్పుతో కాదని ఈ దారిని తెరిచే ఉంచాడని కథ. శత్రువుకు ఉప్పు పంపడం వాళ్ళకు సామెత. ఉప్పు తిన్న ఇంటిని తలచుకునే మనకు ఆ కథ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఉప్పు మోసిన ఎద్దును కట్టారని చూపే రాయి ఒకటి మత్సుమొతో వీధిలో ఉంది. బండి మారే వ్యవధిలో చూసి వచ్చాను, మోకాలెత్తు రాయి.

మత్సుమొతో దాటాక కాసేపటికి షియోజిరి. జపాను సముద్రం నుంచి ఒకవైపు, పసిఫిక్ నుంచి మరోవైపు ఎక్కివచ్చే ఉప్పు ఇక్కడికి వచ్చేసరికి అయిపోయేదని, అందుకే ఉప్పు చివర అని పేరని చెబుతారు. ప్లాట్‌ఫారం మీదనే ద్రాక్షపందిరి ఉంది, నల్లటి గుత్తులు వేలాడుతున్నాయి. ముట్టుకోకూడదని బోర్డు. ఆ పందిరి పక్క బల్ల మీద కూర్చుని అమ్మకు ఫోను చేశాను. పన్ను సంగతి ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు, కంగారుపడుతుందని.

“నోట్లో ఏమి పెట్టుకొని మాట్లాడుతున్నావురా?”

“ఏమీ లేదమ్మా.”

“పన్ను నొప్పా? కుడివైపా?”

ఎప్పటినుంచి, ఎవరికి చూపించావు, ఎంత తీసుకున్నారు, చెల్లెలు నాకెందుకు చెప్పలేదు, అన్నీ అయ్యాక ఏ ఊళ్ళో ఉన్నావని అడిగింది. చెప్పాను. అర్థం కూడా చెప్పాను, నవ్వుతుందేమోనని. నవ్వలేదు.

“అయితే ఏమిటట? మన ఊరు మాత్రం?”

నిజమే. సతీదేవి శరీరం ముక్కలై పడినప్పుడు పీఠభాగం పడిన చోటు కాబట్టే పిఠాపురమని, పురుహూతికా అమ్మవారు అందుకే వెలసిందని మా ఊళ్ళో పుట్టినప్పటినుంచీ వింటాం. కాకపోతే మేము దానికి దణ్ణం పెడతాం కాబట్టి నవ్వు రాదు.

“ఉప్పు నీళ్ళు పుక్కిలించావా?”

“లేదు.”

“ఉప్పు పేరు పెట్టుకున్న ఊళ్ళో కూర్చుని?”

స్టేషను కొట్లో ఉప్పు విడిగా లేదు. వల సంచిలో రెండు ఉడకబెట్టిన గుడ్లూ, వాటితో చిటికెడు ఉప్పు పొట్లమూ ఉన్నాయి. అది కొని, సీసాలో నీళ్ళు సగం ఒంపి ఉప్పు కలిపి, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర నిలబడి పుక్కిలించాను. బడి సంచితో ఒక కుర్రవాడు కన్నార్పకుండా చూస్తున్నాడు. “ఒయాషిరజు” అన్నాను వాడితో. వాడు గౌరవంగా తల వంచి వెళ్ళిపోయాడు. షింజుకు వెళ్ళే అజుసా రావడానికి ఇంకా పదకొండు నిమిషాలు ఉంటే, గుడ్లు రెండూ ఎడమ దవడతో నమిలాను, చప్పగా.